తిత్తి తొక్కిన రోజులు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా మనవడు నన్ను చెయ్యిపట్టుకుని కీబోర్డు దగ్గరికి లాక్కెళ్లాడు. "తాతయ్యా, నువ్వెప్పుడూ ఆర్గాను ఆర్గాను అంటావు కదా, ఇదిగో విను" అని ఏవో రెండు మీటలు నొక్కి మెట్ల మీద నాలుగు వేళ్లు పెట్టాడు. గుడంతా గుయ్యిమంది. పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. "ఇరవయ్యో నంబరు, చర్చి ఆర్గాను" అన్నాడు గొప్పగా, తనే తయారుచేసినట్టు. ఇరవై ఒకటి ఏమిట్రా అనడిగాను. నొక్కాడు. అది మా పాత పెట్టె గొంతు. నేను పదేళ్ల వాడినప్పటి నుంచి కాళ్లు నొప్పెట్టేలా తొక్కిన హార్మోనియం గొంతు. తరవాత ఇరవై రెండు నొక్కేశాడు, అది అకార్డియనట. ఇరవై మూడు మౌతార్గానట. నా చిన్నతనమంతా వాడి చూపుడువేలు కింద అరనిమిషంలో గడిచిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. పిల్లాడు పాపం సంబరంగా చూపించాడు. ఇంటికొచ్చి పెసరట్టు కూడా సరిగ్గా తినలేదు. అందుకే ఇది రాస్తున్నాను, వాడి కోసమూ, వాడిలాగే నంబర్లు నొక్కే మీ అందరి కోసమూ. విసుక్కోకుండా చదవండర్రా. మీకు ఫోను గంటకోసారి ఛార్జింగు పెట్టుకునే ఓపిక ఉంది కదా, ముసలాడి మాట పావుగంట వినే ఓపిక లేకపోతే ఎలా?

ఆ ఇరవయ్యో నంబరు వెనక మనుషులున్నారు నాయనా. అందులో ఒకాయన గురించి ముందు చెబుతాను. పేరు గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్. 1683లో జర్మనీలోని సాక్సనీ రాజ్యంలో, ఫ్రావెన్‌స్టైన్ దగ్గర చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. మన ఊళ్లో వడ్రంగి కొడుకు బాడిస పట్టినట్టే ఈయనా పట్టేవాడు. కాని అన్న అండ్రియాస్ అప్పటికే స్ట్రాస్‌బర్గ్ వెళ్లి ఆర్గాన్లు కట్టే పనిలో దిగాడు. తమ్ముడు 1702లో ఆయన దగ్గరికి చేరాడు. ఎనిమిదేళ్లు అన్న దగ్గర పని నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్లురా! మీరు మూడు నెలల కోర్సుకి సర్టిఫికెట్టు రాకపోతే గోల చేస్తారు. తరవాత సొంత రాజ్యానికి తిరిగొచ్చి, వెండి గనులుండే ఫ్రైబర్గ్ పట్నంలో దుకాణం పెట్టి, అక్కడి పెద్ద గుడికి మూడేళ్లు కూర్చుని ఆర్గాను కట్టాడు. 1714లో అది పూర్తయ్యేసరికి ఆయనకి 31 ఏళ్లు. మూడు వరసల మెట్లు, 2,500కి పైగా గొట్టాలు. ఇప్పటికీ ఆ గుడిలోనే ఉంది, ఇప్పటికీ మోగుతోంది. మూడు వందల ఏళ్లు దాటింది. మీ కీబోర్డు వారంటీ ఎంతరా?

గొట్టాలంటే బజార్లో కొనుక్కొచ్చి బిగించేవి కావు. తగరం, సీసం పాళ్లు చూసుకుని కరిగించి, పొడుగాటి బల్ల మీద పలచని రేకుగా పోస్తారు. ఆ రేకుని చిత్రిక పట్టి, చుట్టి, అతుకు పెట్టి, మూతి దగ్గర సన్నని చీలిక తీస్తారు. ఆ చీలిక వెంట్రుకంత అటూ ఇటూ అయితే గొట్టం పలకదు, పలికినా ఊళ వేస్తుంది. బారెడు గొట్టం బొంగురుగా పలుకుతుంది, కీచుగా పలికే గొట్టం చిటికెనవేలంత ఉంటుంది. అన్నింటి కిందా గాలిపెట్టె, దాని వెనక తోలు తిత్తులు. మెట్ల ముందు కూర్చున్నాయనకి ఒక్కడికే పేరొచ్చేది గాని, గోడవతల మనుషులు తిత్తుల మీద ఎక్కి తొక్కుతూ ఉంటే తప్ప ఆయన వేళ్లకింద చప్పుడు పుట్టేది కాదు. కరెంటు మోటార్లు వచ్చేదాకా ఐరోపాలో ఎక్కువగా అదే పద్ధతి. ఆ తొక్కేవాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు మా ఊరు గుర్తొస్తుంది. ఎందుకంటే నేనూ ఆ కులం వాణ్నే, తిత్తి తొక్కిన కులం.

మాది నరసాపురం కాలవ గట్టున చిన్న ఊరు. మా నాన్నగారు బడిపంతులు, ఆదివారం ఉపదేశి. మా గుడికి కాలితో తొక్కే హార్మోనియం ఉండేది. టేకు పెట్టె, ముందు రెండు పెడళ్లు, లోపల జర్మనీ రీడులు. "జర్మనీ రీడులు" అన్న మాట మా నాన్నగారు "జరీ అంచు" అన్నంత మర్యాదగా పలికేవారు. వాయించేవారు ఆయనే. ఆయనకి మోకాలు నొప్పి. అందుకని బల్ల కింద నేను కూర్చుని చేతులతో పెడళ్లు అదిమేవాణ్ని, కాస్త పొడుగయ్యాక పక్కన కూర్చుని కాళ్లతో తొక్కేవాణ్ని. పాట ఎక్కడ ఎత్తుకుంటారో, ఎక్కడ దిగుతారో నా కాలికి తెలిసేది. ఆఖరి చరణంలో సంఘమంతా గొంతెత్తినప్పుడు జోరుగా తొక్కాలి. ప్రార్థన ముందు మెల్లగా, నిద్రపోయే పసివాడి ఊపిరిలా తొక్కాలి. తప్పు తొక్కితే నాన్నగారు ఏమీ అనేవారు కాదు, మోచేత్తో ఒక పోటు. ఇప్పుడు మా మనవడు శబ్దం తగ్గించాలంటే ఒక మీట తిప్పుతాడు. వాడి కాలు నేల మీద ఊరికే ఉంటుంది. పాట మధ్యలో ఆ కాలికి పనేమీ లేదు కదా అని నాకు దిగులు.

మా డెల్టాకీ జర్మనీకీ చుట్టరికం మీకు తెలియదు. మాకు బడిలో చెప్పేవారు. ఉత్తర జర్మనీ మిషను వాళ్లు 1845 ప్రాంతంలో రాజమండ్రి వచ్చారు. దవళేశ్వరం ఆనకట్టకి అప్పటికి ఇంకా రాయి పడలేదు. కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో. ఆ జర్మనీ మిషను వాళ్లకి డబ్బు చాలక, 1850 దాటేసరికి ఆ పనిని అమెరికా లూథరన్లకి అప్పగించారు. ఆ అమెరికా వాళ్లలో మొదటివాడు హయ్యర్ అయ్యగారు. ఆయనా జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793లో పుట్టినాయనే. గుంటూరు వచ్చింది 1842లో. మళ్లీ 1869లో, 76 ఏళ్ల వయసులో, రాజమండ్రి పని వేరే మిషనుకి పోతోందని తెలిసి ఓడెక్కి వచ్చి నిలబెట్టాడు. 76 ఏళ్లకి ఓడ! నాకు ఇప్పుడు అంతే వయసు, గోకవరం బస్టాండు దాకా ఆటోలో వెళ్లి రావడానికి మా కోడలు వంద జాగ్రత్తలు చెబుతుంది. మన రాజమండ్రిలో లూథర్‌గిరి అన్న పేరు రోజూ పలుకుతారే, ఆ పేరు ఎక్కడిదో ఎప్పుడైనా అడిగారా? లూథరు జర్మనీ వాడు. ఆయన పాట రాస్తే సంఘమంతా కలిసి పాడాలన్నాడు. సంఘమంతా పాడాలంటే వాళ్లందర్నీ ఒక్క శ్రుతి మీద నిలబెట్టే వాద్యం కావాలి. అక్కడి నుంచే సిల్బర్‌మన్ లాంటి వాళ్ల పనికి గిరాకీ.

మరి ఆ గొట్టాల ఆర్గాను మన దాకా ఎందుకు రాలేదంటారా? గోదావరి జిల్లాల్లో వానాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? తలుపులు బిగుసుకుపోతాయి, అగ్గిపెట్టె అంటుకోదు. తోలు బూజు పడుతుంది, చెక్కకి చెద. ఎండాకాలం రోహిణి కార్తెలో గాలి వేడెక్కితే గొట్టాల శ్రుతి పైకి ఎగబాకుతుంది. అంత వాద్యాన్ని కాపాడేవాడు ఊరూరా ఉండాలి, అది పల్లె సంఘం చేత అయ్యే పని కాదు. అందుకని మన దాకా గొట్టాలు లేని ఆర్గాను వచ్చింది. పారిస్‌లో డెబాఁ అనే ఆయన 1842లో హార్మోనియం అనే పేరు మీద హక్కు తీసుకున్నాడు. చూశావా, హయ్యర్ అయ్యగారు గుంటూరులో దిగిన సంవత్సరమే. అందులో గొట్టాలకి బదులు ఇత్తడి నాలికలు. ఒక్కో మెట్టుకి ఒక్కో నాలిక, గాలి తగలగానే వణుకుతుంది. ఐరోపాలో కుర్చీ మీద కూర్చుని కాలితో తొక్కేదాన్ని, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దుకాణం వాళ్లు 1880ల కల్లా నేల మీద కూర్చుని ఎడం చేత్తో తిత్తి ఆడించుకునేలా మార్చారు. రీడులు మాత్రం చాలాకాలం జర్మనీ నుంచే వచ్చేవి. తరవాత గుజరాత్‌లో పాలిటానా వాళ్లు చెయ్యడం నేర్చారు. మౌతార్గానూ ఆ వంశమే. జర్మనీలో ట్రోసింగెన్ అనే ఊళ్లో గడియారాలు చేసే హోనర్, 1857లో, ఇక్కడ సిపాయిలు తిరగబడ్డ ఏడాది, అవి చెయ్యడం మొదలుపెట్టాడు. నీ ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు నంబర్లన్నీ అన్నదమ్ములూ పినతండ్రి పిల్లలూ. వాళ్లని నువ్వు వరసగా నొక్కావు, ఒక్కర్నీ పలకరించలేదు.

ఇక మా రీడుల మామయ్య సంగతి చెప్పాలి. చుట్టం కాదు, ఊరంతా మామయ్య అనే పిలిచేవాళ్లం. రాజమండ్రి మనిషి. క్రిస్మస్‌కి మూడు వారాల ముందు, విజ్జేశ్వరం లాకుల దగ్గర పడవెక్కి, కాలవ పొడుగునా ఊరూరూ దిగుతూ వచ్చేవాడు. భుజానికి చెక్కపెట్టె. అందులో చిన్న చిన్న ఆకురాళ్లు, పలచని ఇత్తడి రేకు, మేకతోలు ముక్కలు, వజ్రం జిగురు, పాత పళ్లకుంచె. పడవ దిగగానే మా ఇంటికే. మా అమ్మ కొత్తబియ్యం అన్నం వండేది. తిని, చుట్ట కాల్చుకుని, అప్పుడు గుడికి.

పెట్టె మూత తీసి, రీడులన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, తెల్లపంచె మీద వరసగా పేర్చేవాడు. మనుషుల పళ్లవరసలా ఉండేవి. చిలుము పట్టినదాన్ని కుంచెతో తోమేవాడు. ఒక్కోదాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఊదేవాడు. ఊదగానే ముఖం చిట్లించేవాడు, అంటే శ్రుతి తప్పిందన్నమాట. నాలిక కింద రేకుముక్క దూర్చి, చివర గీరితే శ్రుతి పైకి పోతుంది, మొదట్లో గీరితే కిందికి దిగుతుంది. అంతే కిటుకు. కాని ఎంత గీరాలో ఆ చెవికి తెలియాలి. ఇత్తడి గీరేశాక మళ్లీ అతికించలేం కదా. మా పెట్టెకి రెండు వరసల రీడులు. ఒకే స్వరానికి రెండు నాలికలు పలుకుతాయి. రెండూ కలవకపోతే మధ్యలో వణుకు వినిపిస్తుంది, కాలవలో రాయి పడ్డాక అలలు కొట్టుకున్నట్టు. మామయ్య గీరేకొద్దీ ఆ అలలు నెమ్మదించేవి, నెమ్మదించి నెమ్మదించి ఒక్కసారి నీళ్లు నిలిచిపోయేవి. నిలిచినప్పుడు ఆయన నా వంక చూసి కళ్లెగరేసేవాడు. ఆ చూపు కోసం నేను రెండు రోజులు బడి ఎగ్గొట్టి ఆ గుమ్మంలో కూర్చునేవాణ్ని. పంతులుగారి అబ్బాయి బడి ఎగ్గొట్టాడని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఇప్పటికీ రెండు గొంతులు శ్రుతి కలవక వణుకుతుంటే నాకు ముందు తెలుస్తుంది, మీ ఫోనుల్లో యాప్ కన్నా ముందు.

పోయేటప్పుడు డబ్బు తీసుకుని, "వానాకాలంలో ఏ మెట్టు అలిగినా కార్డు ముక్క రాయండి పంతులుగారూ" అనేవాడు. రాస్తే వచ్చేవాడు. ఒకసారి వరదలో, పడవలు ఆగిపోతే, నడిచి వచ్చాడు. తను బాగుచేసిన పెట్టె ఊళ్లో పలకకపోతే అది తన పరువు తక్కువ అనుకునేవాడు. ఇదే నేను మీకు చెప్పాలనుకున్నది. చప్పుడు చేసిన మనిషి ఆ చప్పుడుకి బతికినంతకాలం జవాబుదారీ.

సిల్బర్‌మన్‌కీ అలాంటి కథే ఒకటుంది. ఆయన ఆర్గాన్లతో ఊరుకోలేదు, పియానోలు కూడా చేశాడు, అప్పటికది కొత్త వాద్యం. దాన్ని బాఖ్ వాయించి చూశాడు. బాఖ్ అంటే మీ మనసులో ఏముందో గాని, అప్పటికి ఆయన జర్మనీలో చెవి ఉన్న ప్రతివాడూ భయపడే విద్వాంసుడు. గొంతు బాగుంది గాని పై స్థాయి స్వరాలు బలహీనంగా ఉన్నాయి, మెట్లు బరువుగా ఉన్నాయి అనేశాడు. సిల్బర్‌మన్‌కి మండింది. చాన్నాళ్లు కోపం పోలేదు. అయినా మాట నిజమని లోపల తెలుసు. ఇక ఆ రకం అమ్మడం మంచిది కాదని పక్కన పెట్టి, ఏళ్ల తరబడి దాని మీదే కూర్చున్నాడు. చివరికి మళ్లీ తెచ్చి చూపిస్తే బాఖ్ ఇక వంక లేదన్నాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ అవి కొనుక్కున్నాడు, 1747లో బాఖ్ పోట్స్‌డామ్ వెళ్లి ఆ రాజు ముందు వాటి మీదే వాయించాడు. ఒక మాట పడితే ఏళ్లకేళ్లు పనిచేసి జవాబు చెప్పాడు చూడు. ఇవాళ ఎవడైనా బాగాలేదంటే కింద ఏడుపు బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

మా గుడి కీబోర్డు కథ విను. కొని నాలుగేళ్లయింది. మూడు మెట్లు పలకడం మానేశాయి. నేనే సంచిలో పెట్టుకుని ఒక దుకాణానికి తీసుకెళ్లాను. కుర్రాడు మూత తియ్యలేదు, సంచి జిప్పు కూడా పూర్తిగా లాగలేదు. "బోర్డు పోయుంటుంది తాతగారూ, విడిభాగాలు రావు, కొత్తది తీసుకోండి" అన్నాడు. విప్పి చూడు బాబూ అంటే, "విప్పితే మళ్లీ బిగదండీ" అన్నాడు. విప్పితే బిగని వస్తువుని మనుషులు ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. పెంకుటిల్లు విప్పి కట్టేవాళ్లం, పడవ విప్పి కట్టేవాళ్లం, ఎద్దుబండి చక్రం విప్పి కట్టేవాళ్లం. పాపికొండల మీదుగా గోదావట్లో తెప్పలు కట్టుకుని వచ్చిన టేకు దుంగలు రాజమండ్రి రేవులో విప్పి ఒక్కోటీ లెక్కపెట్టి ఒడ్డుకి లాగేవాళ్లు. మా పెట్టె చెక్క కూడా అలా కొట్టుకొచ్చినదే అని మామయ్య అనేవాడు. మా పెట్టెని నేను నాలుగుసార్లు విప్పాను. నాలుగుసార్లూ బిగించాను. ఒకసారి రెండు మరలు మిగిలాయి, అయినా పలికింది.

మా పెట్టె గుడిలోనే ఉండేదనుకుంటున్నావు. నాటకాలకీ వెళ్లేది. మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకం వేస్తే, వాళ్ల హార్మోనియం తిత్తి చిరిగిపోయిందని మా నాన్నగారి దగ్గరికొచ్చారు. సంఘపెద్దలు కూర్చున్నారు. దేవుడి పెట్టె నాటకానికి ఎలా ఇస్తామని ఒకాయన, కాటికాపరి పద్యాలకి దేవుడు చెవులు మూసుకోడని ఇంకొకాయన. మా నాన్నగారు ఒక్కటే మాట అన్నారు. బలిజేపల్లి వారి నాటకంలో కాటి సీనులో నటులు జాషువాగారి శ్మశాన పద్యాలు కలిపి పాడతారు కదా, ఆ జాషువాగారు గుంటూరులో మన లూథరన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణ బడిలో పదేళ్లు పాఠం చెప్పిన మనిషి, ఆయన పద్యానికి మన పెట్టె పలకకపోతే ఇంకెవరి పెట్టె పలకాలి అన్నారు. ఇచ్చేశారు. అంతకన్నా ముందు అదే జాషువాగారు రాజమండ్రిలో మాట రాని సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పే ఉద్యోగం చేశారని కూడా ఆ రోజే విన్నాను.

శనివారం రాత్రంతా ఆ పెట్టె స్టేజీ పక్కన పలికింది. ఒన్స్‌మోర్, ఒన్స్‌మోర్ అని జనం, హరిశ్చంద్రుడు అదే పద్యం మూడోసారి, రాగం తీసి తీసి తెల్లారగట్లకి తెచ్చాడు. పొద్దున్నే బండి మీద గుడికి చేర్చారు. మూత మీద తాంబూలం మరక. మా అమ్మ కొబ్బరిపీచుతో తోమింది. తొమ్మిదింటికి అదే పెట్టె మీద ఆరాధన. రాత్రి కాటి పద్యానికి ఏడ్చినవాళ్లు సగం మంది పొద్దున్న బెంచీల్లో ఉన్నారు, కళ్లు ఎర్రగా. పాట ఆ ఆదివారం పాడినంత బాగా మళ్లీ పాడలేదు మా ఊరు. మీ కీబోర్డుని నాటకం వాళ్లకి అరువిస్తారా? వాళ్లకీ ఒకటుంటుంది, మీకూ ఒకటుంటుంది, ఎవరి పెట్టె వాళ్లది, ఇక ఎవరి గుమ్మం ఎవరు తొక్కాలి?

ఒప్పుకోవలసింది ఒకటుంది, దాచను. మా తాతయ్య, అంటే నాన్నగారి నాన్న, హార్మోనియం అంటే మండిపడేవాడు. ఆయన రోజుల్లో తంబురా, మృదంగం, తాళాలూ వేసి పాడేవారట. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, చూశావా? పురుషోత్తమ చౌదరిగారు రాసినవి ఆ పద్ధతిలోవే. "ఈ పెట్టెకి మెట్టుకీ మెట్టుకీ మధ్య ఏముందో తెలియదు, గొంతు జారాల్సిన చోట ఇది దూకుతుంది" అనేవాడట తాతయ్య. ఆయన ఒక్కడే కాదు. ఆకాశవాణి వాళ్లు 1940 మార్చి నుంచి హార్మోనియాన్ని రేడియోలోంచి వెలివేశారు, కారణం అదే, గమకం పలకదని. 1971 దాకా ఆ వెలి నడిచింది. అంటే నేను పూజించే పెట్టె మా తాతయ్యకి వచ్చి చెడగొట్టిన కొత్త యంత్రం. నేను నీ ఇరవయ్యో నంబరుని తిట్టినట్టే ఆయన మా నాన్నగార్ని తిట్టాడు. ఇంకోటి కూడా ఒప్పుకుంటాను, జూలైలో మా పెట్టె పాట నడుమ మూగబోయిన రోజులున్నాయి, ఎలక తిత్తి కొరికిన క్రిస్మస్ ఒకటుంది. నీ కీబోర్డు ఎలక కొరకదు. అయినా మా తాతయ్య అన్నదీ నిజమే, నేనంటున్నదీ నిజమే. ఆయన నష్టం ఆయనది, నా నష్టం నాది. నీ ముసలితనంలో నువ్వు ఏం పోయిందని ఏడుస్తావో నాకు తెలియదు, కాని ఏడుస్తావు.

సిల్బర్‌మన్ 1753 ఆగస్టులో పోయాడు, డ్రెస్‌డెన్ రాజు గుడి ఆర్గాను సగంలో ఉండగా. శిష్యుడు హిల్డెబ్రాండ్ ఆ పని పూర్తిచేశాడు. అదే 1753లో నిజాం ఉత్తర సర్కారులు ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చాడు, అందులో మన రాజమండ్రి ఉంది. ఊళ్లు చేతులు మారాయి, రాజ్యాలు పోయాయి. ఆయన కట్టినవి యాభై దాకా ఉంటే, ముప్ఫై దాకా ఇంకా పలుకుతున్నాయి. డ్రెస్‌డెన్‌లోనే ఇంకో గుడి, ఫ్రావెన్‌కిర్ఖె అని, బాఖ్ స్వయంగా 1736లో వచ్చి వాయించిన ఆర్గాను, 1945 బాంబుల్లో మసైపోయింది. రాజు గుడి ఆర్గాను గొట్టాలు మాత్రం యుద్ధంలో ముందే విప్పి దాచారు కాబట్టి బతికాయి. తరవాత మళ్లీ బిగించారు. విప్పితే బిగిసేది కాబట్టే కదా ఇవాళ ఉంది! ఆ దుకాణం కుర్రాడికి ఈ మాట చెప్పాలని నాకు ఎంత కోరికో.

జర్మనీ వాళ్లు ఆ పని ఇప్పటికీ వదల్లేదు. ఆర్గాను కట్టడం, వాయించడం రెంటినీ కలిపి 2017లో యునెస్కో మానవజాతి వారసత్వం జాబితాలో పెట్టింది. దేశంలో 50,000 ఆర్గాన్లు, వాటిని కట్టి కాపాడే దుకాణాలు 400 దాకా, పనివాళ్లు 2,800, నేర్చుకుంటున్న కుర్రాళ్లు 180 మంది అని అప్పుడు లెక్క చెప్పారు. ఆ 180 మంది దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. మన దగ్గర బొబ్బిలిలో వీణలు చేసే వాళ్లున్నారు, పనసకొయ్యని ఒక్క దుంగలోంచి తొలిచి చేస్తారు, వాళ్లకి కొంత గుర్తింపు వచ్చింది, మంచిదే. హార్మోనియం బాగుచేసేవాడిని ఎవరు గుర్తిస్తారు? వాడు కొత్తది చెయ్యడు, ఉన్నదాన్ని బతికిస్తాడు. మా మామయ్య కొడుకు ఆ పని నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకుంటాడు, ఎవరైనా కార్డు ముక్క రాస్తేనా?

మామయ్య ఆఖరుసారి వచ్చినప్పుడు ఆయనకి చెవి మందగించింది. రీడు పెదాల మధ్య పెట్టుకుని ఊది, నన్ను దగ్గరికి పిలిచి, "అలలు ఆగాయా బాబూ?" అనడిగాడు. ఆగలేదు. ఆగలేదని చెప్పాను. ఇంకాస్త గీరాడు. మళ్లీ అడిగాడు. అలా సాయంత్రం దాకా ఆయన చెయ్యి, నా చెవి. పోతూ పోతూ ఒక ఆకురాయి నాకిచ్చేశాడు. ఇప్పటికీ నా కళ్లజోడు డబ్బాలో ఉంది. మా మనవడు ఒకసారి దాంతో గోళ్లు రుద్దుకుంటుంటే చేతి మీద ఒకటిచ్చాను.

ఆ పెట్టె ఎక్కడుందని అడుగుతావేమో. మా ఊరి గుడి కొత్తగా కట్టినప్పుడు పారేస్తామంటే నేను రాజమండ్రి తెచ్చుకున్నాను. మా ఇంటి అటక మీద ఉంది, గోనెపట్టా కప్పి. కింది స్థాయిలో నాలుగు మెట్లు పలకవు, ఎడమ పెడలు పట్టీ తెగింది, తిత్తికి మేకతోలు మార్చాలి. రీడులన్నీ ఉన్నాయి. మీ ఇళ్లలోనూ, మీ గుళ్లలోనూ, పాత నాటకసమాజాల గదుల్లోనూ ఇలాంటివి పడి ఉంటాయి. పాత సామాను వాడికి కిలోల లెక్కన అమ్మకండి. ఒకసారి మూత తీసి చూడండి, ఏమీ పోదు.

ఒరేయ్ మనవడా, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక భోజనానికి రా. నువ్వు అటకెక్కాలి, నా మోకాళ్లు ఎక్కనివ్వవు. పెట్టె దింపు, మరలు నేను విప్పుతాను. ఆకురాయి నా దగ్గరుంది, నా చెవి ఇంకా బాగానే వినిపిస్తోంది. కాళ్లు మాత్రం నీవి కావాలి.